పాత పిస్టన్ పారేయకండి

ఇంజన్ పట్టేసిన చెట్ల కోత మిషన్ తెచ్చినవాళ్లు ముందు అడిగేది బోర్ కిట్, అంటే సిలిండర్, పిస్టన్ సెట్టు రేటు. నేను ముందు అడిగేది పాత పిస్టన్. "అదెందుకన్నా, అది ఎప్పుడో పోయింది. కొత్తది వేయించాం, అదీ పట్టేసింది" అంటారు. చిక్కంతా ఆ మాటలోనే ఉంది. మొదటి పిస్టన్ ఎందుకు పోయిందో తేల్చకుండానే రెండోది వేశారు. దాన్ని తిన్న జబ్బు ఇంజన్‌లోనే ఉండి దీన్నీ తినేసింది.

మా సత్తుపల్లి, దమ్మపేట, అశ్వారావుపేట వైపు జామాయిల్ తోటలు ఎక్కువ. సారపాకలో పేపర్ మిల్లు ఉంది కాబట్టి కర్ర పోతుంది. కోత నడిచే రోజుల్లో మిషన్ ఆగిందంటే అది నడిపేవాడొక్కడే కాదు, కొమ్మలు కొట్టేవాళ్లు, తొక్క తీసేవాళ్లు, లోడెత్తేవాళ్లు అందరూ కూర్చోవాల్సిందే. అందుకే "కిట్ మార్చి సాయంత్రానికి ఇచ్చెయ్" అని తొందరపెడతారు. ఆ తొందర నాకు తెలియనిది కాదు. కానీ కిట్ మార్చడం గంట పని, కారణం వెతకడం పూట పని. ఆ పూట మిగుల్చుకుందామనుకుంటేనే రెండో కిట్ ఖర్చు మీద పడుతుంది.

ఈ ఇంజన్ బైకు ఇంజన్ లాంటిది కాదని ముందు తెలియాలి. ఇప్పటి బైకుకు ఇంజన్ అడుగున విడిగా ఆయిల్ ఉంటుంది. కోత మిషన్‌కు ఉండదు. పెట్రోల్లో కలిపిన టూటీ ఆయిలే పిస్టన్‌కీ, రింగులకీ, క్రాంకు బేరింగులకీ దిక్కు. లోపలికొచ్చే ఆ పెట్రోలు తడే కొంత వేడిని కూడా లాగేస్తుంది. ఏ కారణం చేతైనా పెట్రోలు తగ్గి గాలి ఎక్కువైతే దెబ్బలు రెండూ ఒకేసారి పడతాయి. మంట వేడెక్కుతుంది, ఆయిలూ తగ్గిపోతుంది. పైగా ఇది ఫుల్ రేసులో నిమిషానికి 12,000 నుంచి 13,000 చుట్లు తిరిగే ఇంజన్. పిస్టన్‌కీ సిలిండర్‌కీ మధ్య సందు మిల్లీమీటరులో వందో వంతుల లెక్కలో ఉంటుంది. అల్యూమినియం పిస్టన్ వేడికి ఉబ్బి ఆ సందు మూసుకుపోతే గోడకు ఒరుసుకుని పట్టేస్తుంది.

పిస్టన్ చేతికొచ్చాక నేను చూసేది గీతలు ఏ వైపు పడ్డాయన్నది. సైలెన్సర్ వైపు మాత్రమే నిలువు గీతలు ఉండి, కార్బొరేటర్ వైపు ఫ్యాక్టరీలో పడిన సన్నటి చారలు అలాగే ఉంటే, గాలి ఎక్కువై పట్టేసిందని ముందు అనుమానిస్తాను. కాలిన పొగ బయటికి పోయే వైపు ఎప్పుడూ వేడి ఎక్కువ. కార్బొరేటర్ వైపు కొత్త పెట్రోలు వచ్చి తగులుతుంది కాబట్టి కాస్త చల్లగా ఉంటుంది. పట్టేయడం వేడి వైపే మొదలవుతుంది. అదే చుట్టూతా గీతలుంటే ఆయిల్ కలపని పెట్రోలు పోశారా అని ముందు అడుగుతాను. తోటలో రెండు క్యాన్లు పక్కపక్కన పెడతారు, ఒకటి మిక్సింగ్ పెట్రోలు, ఒకటి ఉత్త పెట్రోలు. రెండిటి రంగూ ఒకటే అయితే ఏది ఏదో చీకట్లో ఎవరికి తెలుస్తుంది? టూటీ ఆయిల్‌కు రంగు వేసేది అందుకే.

కార్బొరేటర్ వైపు అరిగితే కథ వేరు. అక్కడ లోతైన గీతలు కాకుండా బూడిద రంగులో మసకగా నునుపు తేలి, ఆ చారలు చెరిగిపోయి ఉంటే దుమ్ము తిన్నదన్నమాట. చిరిగిన ఎయిర్ ఫిల్టర్, లేదా సరిగా కూర్చోని ఫిల్టర్. రంపపు పొట్టు కన్నా దుక్కి దున్నిన నేల మట్టి ఎక్కువ చెడ్డది.

కిట్ మార్చాక వచ్చే జబ్బులు ఇంకొన్ని ఉన్నాయి, ఇవి బిగించిన చేతివి. పిస్టన్ పిన్ను పక్కకు జరక్కుండా అటూ ఇటూ రెండు చిన్న లాకులుంటాయి. పాత లాకు మళ్లీ వేసినా, లాకు నోరు పక్కకు పెట్టినా అది ఊడొచ్చే ప్రమాదం ఉంది. నోరు పైకో కిందికో ఉండాలి. లాకు ఊడితే సిలిండర్ గోడ మీద పిన్ను ఎత్తులో ఒకటే లోతైన గాడి పడుతుంది, దాన్ని ఎవరైనా గుర్తుపడతారు. పిస్టన్ తల మీదున్న బాణం గుర్తు సైలెన్సర్ వైపు చూడాలి. తిరగేసి వేస్తే రింగు కొనలు సిలిండర్ గోడకుండే పోర్టులోకి పోయి తగులుకుని విరుగుతాయి. చౌక కిట్లలో పోర్టు అంచులు బ్లేడులా పదునుగా ఉండటం చూస్తుంటాను. వాటిని నునుపు చేయకుండా బిగిస్తే రింగు ఎంతో కాలం నిలవదు. ఇక అందరూ మరిచేది క్రాంకు గది. మొదటి పిస్టన్ చిరిగినప్పుడు రాలిన అల్యూమినియం పొడి, రింగు ముక్కలు అక్కడే ఉంటాయి. కడగకుండా పైన కొత్త పిస్టన్ పెడితే, మొదటిసారి తాడు లాగగానే ఆ పొడి పైకొస్తుంది.

ఆ మధ్య ఒక కోత మేస్త్రి 58 సీసీ మిషన్ తెచ్చాడు. వేరేచోట కొత్త కిట్ వేయించి వారం కాలేదు. పిస్టన్ తీసి వెలుతురులో తిప్పి చూశాను. సైలెన్సర్ వైపు వేలు పెడితే గరుకు తగిలింది, కింది రింగు గాడిలోకి అల్యూమినియం పూసుకుపోయి రింగు కదలడం లేదు. కార్బొరేటర్ వైపు మాత్రం కొత్తదనం పోలేదు. "పెట్రోల్లో ఆయిల్ ఎంత కలిపావు మేస్త్రీ?" అంటే, లెక్క సరిగ్గానే చెప్పాడు. "మరి పట్టేసేముందు మిషన్ ఎలా ఉంది?" అన్నాను. కాసేపు ఆలోచించి, "రేసు వదిలినా దిగేది కాదన్నా. ఓ నిమిషం అలాగే అరిచి అప్పుడు తగ్గేది. కొత్త బోరు కదా, జోరు మీదుందనుకున్నా" అన్నాడు.

ఆ ఒక్క మాటతో సగం పని అయిపోయింది. రేసు వదిలినా శబ్దం దిగడం లేదంటే ఇంజన్ ఎక్కడో దొంగగాలి పీలుస్తోంది. కార్బొరేటర్‌లోంచి వచ్చే గాలికి తగ్గ పెట్రోలు వస్తుంది. పక్కదారిన వచ్చే గాలికి పెట్రోలు తోడు రాదు.

అది ఎక్కడో తేల్చడానికి ప్రెషర్ టెస్టు చేయాలి. చిరగని పాత సిలిండర్ ఒకటి బిగించి, సైలెన్సర్ దారీ కార్బొరేటర్ దారీ రబ్బరు ముక్కలతో మూసి, చేతి పంపుతో లోపలికి అర బార్ గాలి కొడతాను. పంపు మీటరు ముల్లు 20 సెకన్లు కదలకూడదు. ఈ మిషన్‌కు కదల్లేదు. చాలామంది ఇక్కడే ఆపేస్తారు. నేను అదే పంపుతో గాలి బయటికి లాగి అర బార్ వ్యాక్యూమ్ పెట్టాను. ముల్లు చూస్తుండగానే జారిపోయింది. నడిచే ఇంజన్ క్రాంకు గదిలో ఒత్తిడీ పీలుపూ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. క్రాంకు షాఫ్టుకు రెండు వైపులా ఉండే ఆయిల్ సీలు పెదవి లోపలి ఒత్తిడికి షాఫ్టుకు అతుక్కుంటుంది, పీల్చినప్పుడు లేస్తుంది. అందుకే రెండు టెస్టులూ చేయాలి. మాగ్నెట్ చక్రం తీసి ఆ వైపు సీలు మీద కొంచెం ఆయిల్ పోస్తే లోపలికి లాగేసుకుంది. సీలు గట్టిపడి చెక్కలా అయిపోయింది. కిట్ వేసినవాళ్లు రెండు సీళ్లూ పాతవే ఉంచారు. సిలిండర్ కిట్ ధరతో పోల్చి చూస్తే వాటి ధర లెక్కలోకి రాదు.

పాడైన సిలిండర్‌ను బోర్ కొట్టించలేరా అని అడుగుతుంటారు. ఆర్‌ఎక్స్ 100 బండికి పోత ఇనుప స్లీవు కాబట్టి బోర్ కొట్టి పెద్ద పిస్టన్ వేసేవాళ్లు. కోత మిషన్ సిలిండర్ అల్యూమినియందే, లోపల క్రోమ్ పూతో, నికెల్‌లో సిలికాన్ కార్బైడ్ కలిపిన నికాసిల్ పూతో సన్నగా ఉంటుంది. బోర్ కొడితే ఆ పూతే పోతుంది. అయితే గోడ మీద కనిపించే గీతలన్నీ గీతలు కావు. చాలాసార్లు అది పిస్టన్ నుంచి వచ్చి అతుక్కున్న అల్యూమినియం. హైడ్రోక్లోరిక్ యాసిడ్ జాగ్రత్తగా అంటిస్తే అది కరిగి కింద పూత బాగానే బయటపడుతుంది. పోర్టుల్లో యాసిడ్ పడితే సిలిండరే తినేస్తుంది, పొగ ఊపిరితిత్తులకు చెడ్డది. చేతనైనవాళ్లు చేయాల్సిన పని.

కొత్త కిట్ బిగించాక కార్బొరేటర్ పాత సెట్టింగులో వదలకూడదు. హెచ్ అనే స్క్రూ ఫుల్ రేసులో పెట్రోలు ఎంత రావాలో చెబుతుంది, లోపలికి తిప్పితే పెట్రోలు తగ్గుతుంది. ఖాళీగా రేసు చేసినప్పుడు శబ్దం కొంచెం గరగరలాడాలి, దుంగలో దించగానే సాఫీ అవ్వాలి. ఖాళీలోనే సన్నగా కీచుమంటూ పరిగెత్తే మిషన్ చూడటానికి జోరుగా ఉంటుంది, కర్రలో పట్టేస్తుంది.

ఇప్పుడు పెట్రోలు కూడా మారింది. 2025 నాటికి బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే వస్తోంది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత సెట్టింగు మీద అదే స్క్రూ ఇప్పుడు ఇంకాస్త గాలి ఎక్కువైనట్టు నడుపుతుంది. చాలా మిషన్ల పుస్తకాల్లో 10 శాతం మించొద్దని ఉంటుంది. మిక్సింగ్ కలిపి నెలల తరబడి ఉంచితే నీళ్లు పట్టుకుంటుంది కూడా. ఏ రోజుకా రోజు కలుపుకోండి. మంచి టూటీ ఆయిల్ అయితే కంపెనీ చెప్పిన 50కి 1, అంటే 5 లీటర్లకు 100 మిల్లీ. జాగ్రత్త కోసమని దానికి రెట్టింపు పోసేవాళ్లున్నారు. అప్పుడు అదే దారిలో వచ్చే దాంట్లో పెట్రోలు తగ్గి ఆయిల్ పెరుగుతుంది, రింగులకు మసి కడుతుంది.

మిషన్ ఇచ్చేటప్పుడు ఆ మేస్త్రికి చెప్పిందే అందరికీ చెబుతాను. మొదటి ట్యాంకు అయ్యాక, ఇంజన్ చల్లారనిచ్చి సైలెన్సర్ బోల్టులు విప్పండి. టార్చి వేసి తాడు మెల్లగా లాగుతూ చూస్తే పిస్టన్ వేడి వైపు కనిపిస్తుంది. ఒక్క గీత కనిపించినా మళ్లీ స్టార్ట్ చేయకుండా తీసుకురండి. విప్పిన పిస్టన్ మాత్రం పారేయకుండా కవర్లో వేసి వెంట పట్టుకురండి.