మా యింటి ఈగపులి

సాలీడు అనగానే మనకు శ్రీకాళహస్తి గుర్తుకొస్తుంది. ‘శ్రీ’ అంటే సాలీడు, ‘కాళము’ అంటే పాము, ‘హస్తి’ అంటే ఏనుగు. శివలింగానికి తన దారంతో గుడి అల్లి, దీపం దాన్ని కాల్చివేస్తే ఆ మంటనే మింగబోయిన సాలీడు కథను ధూర్జటి మహాకవి కావ్యంగా చెప్పాడు. ఆ కథ చెప్పినప్పుడల్లా, “సాలె అంటే నేత. వల నేయనిది సాలీడే కాదు” అని క్లాసులో బల్ల గుద్ది మరీ చెబుతూ వచ్చాను. అది తప్పని చివరకు మా యింటి గోడ నాకు పాఠం చెప్పింది.

క్రిందటి సంక్రాంతికి ముందు బూజు దులుపుతున్నాం. అంటే మా ఆవిడ దులుపుతున్నది, నేను స్టూలు పట్టుకున్నాను. మా నాన్నగారి పటం కాస్త పైకెత్తగానే వెనకాల తెల్లని పట్టుగుడ్డ పేలికలాటి గూడు కనిపించింది. దానిమీద గోధుమరంగు సాలీడు ఒకటి, పొడవు 1 సెంటీమీటరు వుంటుందేమో! చీపురు దగ్గరకొచ్చినా పారిపోలేదు. గిరుక్కున తిరిగి మా ఆవిడ మొహంలోకి చూసింది.

“ఏమండీ, ఇది నన్నే చూస్తున్నదండీ!” అని ఆవిడ చీపురు వెనక్కు తీసింది.

“విషప్పురుగేమో, చంపెయ్యి నాన్నా!” అన్నది మా అమ్మాయి. దాని భయం వూరికే వచ్చింది కాదు. అంతకుముందు వానాకాలంలో డెంగ్యూ జ్వరంతో వారం రోజులు ఆసుపత్రిలో వున్నది. ఆనాటినుంచి యింట్లో యే పురుగు కదిలినా మా గుండెలు గుభేలుమంటాయి. దోమలమందు డబ్బా చేతికందేట్టే పెట్టుకున్నాం. నా చెయ్యి దానిమీదికే పోయింది.

మంచం మీదనుంచి మా అమ్మ కేకేసింది: “ఒరే, అది ఈగపులిరా! దాని జోలికి పోకు.”

ఎంత చక్కని మాట! తెలుగు చెప్పుకు బతికే నేను ఆ మాట విని యెన్నేళ్లయిందో!

మర్నాడు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే మిత్రుణ్ణి పట్టుకున్నాను. దాని శాస్త్రీయనామం ప్లెక్సిపస్ పేకుల్లి అట. 1826లో ఓద్వాఁ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దీన్ని వర్ణించాడు. ఓడల్లో సరుకులతో పాటు ప్రయాణం చేసి, వుష్ణదేశాలన్నిటా మనుషుల యిళ్లలో కాపురం పెట్టింది. మొగదానికి నల్లని వొంటిమీద తెల్లని చారలుంటాయి. మేం చూసింది ఆడది.

ఇది వల పన్నదు, వేటాడుతుంది. ఎనిమిది కళ్లలో ముందున్న రెండు పెద్దవీ దుర్భిణీ గొట్టాల్లాటివి. కనుగుడ్లు కదలవు గాని, లోపలి తెరలు కదులుతాయి. మా ఆవిడను చూసింది వాటితోనే! ఈగ కనబడితే పిల్లిలా పొంచి పొంచి వెళ్లి దూకుతుంది. మిడతకున్నట్టు బలిసిన తొడలు దీనికి లేవు. వొంట్లోని ద్రవాన్ని వొత్తిడితో కాళ్లలోకి పంపి వాటిని చటుక్కున చాస్తుంది. దూకేముందు గోడకు ఒక దారం అంటించుకోవటం మాత్రం మరవదు. గురి తప్పినా కిందపడదు. నేత వచ్చుగాని, దాన్ని వలకు కాకుండా ప్రాణరక్షణకూ, పురిటిగదికీ వాడుకుంటుందన్నమాట.

“అయితే ఆ పటం వెనక?”

“గుడ్లుంటాయి. తల్లి కాపలా కాస్తున్నది. మనుషులకు దానివల్ల ప్రమాదమేమీ లేదు. ఈగల్నీ దోమల్నీ తింటుంది. నీ మందు దోమతో పాటు దోమను తినేదాన్నీ చంపుతుంది సుమా!”

అలాగని ఈగపులి వుంటే డెంగ్యూ రాదనుకోవటం వెర్రితనం. మేం యిప్పుడు ప్రతి ఆదివారం నీళ్లతొట్టెలు ఖాళీచేసి తోముతున్నాం, పూలకుండీల కింది పళ్లేలు వొంపేస్తున్నాం. మందు డబ్బా మాత్రం అటకెక్కింది.

ఆ పండక్కి మా నాన్నగారి పటం వెనక బూజు దులపలేదు. కొన్నాళ్లకు ఆవగింజలంత పిల్లలు గోడమీద గెంతుతూ కనిపించాయి. చంపెయ్యమన్న మా అమ్మాయే వాటిని లెక్కపెట్టబోయి, పద్నాలుగు దగ్గర తప్పిపోయింది.

ఈ యేడు శ్రీకాళహస్తి కథ చెప్పేటప్పుడు నేను బల్ల గుద్దలేదు.