మంచితనమను మొలక

బావి గట్టున ఆడుకొనుచున్న పసిబిడ్డ కాలుజారి లోనికి పడబోవుచున్నది. దారిని పోవు మనుష్యుడొకడు అది చూచెను. ఆ క్షణమున అతని మనస్సులో ఏమి జరుగును?

ఇరువదిమూడు శతాబ్దములకు పూర్వము చైనా దేశమున మెన్షియస్ అను తత్త్వవేత్త ఈ దృష్టాంతమును చెప్పెను. ఎట్టివాడైనను ఆ క్షణమున ఉలికిపడును, గుండె కలుక్కుమనును. బిడ్డ తలిదండ్రుల ప్రాపకము గాని, ఇరుగుపొరుగువారి మెప్పు గాని అప్పుడు వానికి స్ఫురింపదు. ఆలోచనకంటె ముందే జాలి పుట్టును. కావున మంచితనము బయటినుండి తెచ్చి అతికించునది కాదనియు, పుట్టుకతోనే మనలో బీజరూపమున నున్నదనియు ఆయన సిద్ధాంతీకరించెను.

మెన్షియస్ క్రీ. పూ. 4వ శతాబ్దమువాడు. నేటి షాన్‌డోంగ్ రాష్ట్రములోని జౌ అను చిన్న రాజ్యము ఆయన జన్మస్థానము. కన్‌ఫ్యూషియస్ (క్రీ. పూ. 551–479) పుట్టిన లూ రాజ్యము దానికి పొరుగుననే యున్నది. కన్‌ఫ్యూషియస్ 'రెన్' అను గుణమును, అనగా తోడిమనుష్యునియెడ సౌజన్యమును, మిక్కిలి గొప్పదిగా నెంచెను. ఆ గుణము మనుష్యునికి ఎట్లబ్బునో వివరించు భారమును మెన్షియస్ వహించెను. జాలి, సిగ్గు, వినయము, మంచిచెడ్డల వివేచన అను నాలుగు మొలకలు ప్రతి హృదయమునను గలవనియు, అవియే పెరిగి దయ, న్యాయము, మర్యాద, జ్ఞానము అను రూపములు దాల్చుననియు ఆయన బోధించెను.

అయితే మొలక యున్నంతమాత్రమున పంట ఇంటికి రాదు. అందులకు ఆయన ఒక కథ చెప్పెను. సోంగ్ రాజ్యమున ఒక రైతు తన పైరు ఎదుగుట లేదని బెంగపడి, ఒక్కొక్క మొక్కను పట్టి కొంచెము పైకి లాగెనట. ఇంటికి వచ్చి, పైరు ఎదుగుటకు నేడు సాయపడితినని చెప్పుకొనెను. కుమారుడు పరుగున పోయి చూచునప్పటికి మొక్కలన్నియు వాడిపోయియున్నవి. కలుపు తీయక వదలివేయువాడు సోమరి. మొక్కను లాగువాడు దానిని చంపువాడే. బిడ్డలకు సద్గుణములన్నియు ఒక్కనాడే పట్టుబడవలెనని తొందరపడు పెద్దలు ఈ కథను స్మరించుట మేలు.

మొలకకు సారవంతమైన నేలయు కావలెను. నిలుకడయైన జీవనోపాధి లేని ప్రజలకు నిలుకడయైన మనస్సుండుట కష్టమని మెన్షియస్ రాజుల ముఖముననే చెప్పెను. ప్రజలను ఆకలికి వదలి, వారు నేరము చేసిన పిమ్మట దండించుట వలపన్ని పట్టుటతో సమానమని ఆయన వాదించెను.

ఛీ దేశపు రాజగు షువాన్, బలికి తోలుకొనిపోవుచున్న ఎద్దు వణకుట చూచి జాలిపడి, దానిని విడిచి గొఱ్ఱెను బలియిండని ఆజ్ఞాపించెను. ఎద్దు కంటబడినది, గొఱ్ఱె కంటబడలేదు. భేదమంతయు అదియేనని మెన్షియస్ రాజునకు తెలియజెప్పెను. పశువును కరుణింపగల రాజు ప్రజలను కరుణింపకుండుట చేతకాక కాదు, చేయకపోవుటవలననే. కంటబడినవానియెడ కలిగిన జాలిని కంటబడనివారి వఱకు చాచుటయే ఆయన దృష్టిలో ధర్మసాధనము.

ఈ మతమును అందఱును అంగీకరింపలేదు. క్రీ. పూ. 3వ శతాబ్దమున షున్‌జి అను పండితుడు మానవస్వభావము చెడ్డదేననియు, వంకర కఱ్ఱను ఆవిరిపట్టి సరిచేసినట్లు విద్యచేతను, మర్యాదలచేతను దానిని దిద్దవలెననియు వాదించెను. అయినను నిత్యాభ్యాసము లేక ఎవడును సజ్జనుడు కాజాలడనుటలో ఇరువురును ఏకీభవించిరి.

12వ శతాబ్దమున జూ షీ అను పండితుడు మెన్షియస్ గ్రంథమును నాలుగు ప్రధాన గ్రంథములలో నొకటిగా నిలిపెను. 14వ శతాబ్దము మొదలు, 1905లో రాజోద్యోగ పరీక్షలు రద్దగువఱకు, ఆ గ్రంథములు పరీక్షార్థులకు ముఖ్య పాఠ్యములై యుండెను.

పరీక్షలు పోయినను ప్రశ్న మిగిలియున్నది. మన యింట పనిచేయువారి అలసట, వీథి చివర నివసించువారి ఆకలి మన కంటబడుచున్నవా? కంటబడినప్పుడు కలిగిన జాలి మరునాటి వఱకు నిలుచుచున్నదా? మొలకకు నీరు పోయుట యనగా ఈ ప్రశ్నలను దినదినమును వేసికొనుటయే.