నుదుటి గీతలు... చెరిపేసేముందు!

ఒక్క సూదితో ముడతలు మాయం. చిన్న ఆపరేషన్‌తో కనుబొమలు పైకి. ప్రకటనలు చూస్తే అంతా చిటికెలో పనే. కానీ నుదుటి మీద గీత ఎందుకు పడిందో తెలుసుకోకుండా చెరిపేస్తే... కళ్లే బరువెక్కొచ్చు! సూది ఎవరికి, కత్తి ఎవరికి, అసలేమీ అక్కర్లేనిది ఎవరికి?

‘ఏంటలా ఉన్నావ్... ఒంట్లో బాగాలేదా?’

‘పొద్దున్నే ఎవరిమీద కోపం?’

రాత్రంతా హాయిగా నిద్రపోయి లేచిన రోజున కూడా ఇలాంటి ప్రశ్నలు ఎదురవుతున్నాయా? తప్పు అడిగినవాళ్లది కాదు, మీ నుదుటిది. నలభై దాటాక మనసులో లేని అలసటనీ కోపాన్నీ దిగులునీ కూడా అది ముఖమ్మీద రాసేస్తుంది. కనుబొమల చివర్లు వాలితే విచారంగా కనిపిస్తాం. వాటి మధ్య నిలువు గీతలు పడితే కోపంగా కనిపిస్తాం. పైరెప్ప మీద చర్మం మడతపడితే నిద్రమొహమే.

దాన్ని సరిచేసుకోవాలనుకోవడం తప్పేం కాదు. సరిచేసే దారులూ ఇప్పుడు చాలానే ఉన్నాయి. చిక్కల్లా ఒక్కటే. ముడతపడ్డ నుదురు, వాలిన కనుబొమ, జారిన రెప్ప... మూడూ వేర్వేరు సమస్యలు. చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఒకదానికి చేయాల్సిన చికిత్స మరోదానికి చేస్తే, ఉన్నది కాస్తా పాడవుతుంది.

గీత వెనక కథ

కనుబొమ దగ్గర రోజంతా ఓ తాడులాగుడు పోటీ జరుగుతుంటుంది. దాన్ని పైకి లాగే కండరం ఒకే ఒక్కటి. నుదురంతా పరుచుకుని ఉండే దాని పేరు ఫ్రంటాలిస్. కిందికి లాగేవి మాత్రం చాలా ఉన్నాయి. కనుబొమల మధ్య కారుగేటర్, ముక్కు మొదట్లో ప్రొసీరస్, కంటిచుట్టూ ఆర్బిక్యులారిస్. ఆశ్చర్యపోయినప్పుడు ఫ్రంటాలిస్ గెలుస్తుంది. నుదుటి మీద అడ్డగీతలు పడతాయి. నొసలు చిట్లించినప్పుడు అవతలి జట్టు గెలుస్తుంది. సరిగ్గా బొట్టు పెట్టుకునే చోట నిలువు గీతలు పడతాయి. వయసులో ఉన్నప్పుడు ఆ గీతలు వెంటనే పోతాయి. చర్మంలో సాగేగుణం తగ్గేకొద్దీ అక్కడే స్థిరపడిపోతాయి. ఎండా పొగతాగే అలవాటూ ఆ పనిని ఇంకాస్త ముందుకు జరుపుతాయి.

కనుబొమ బయటి కొస వరకూ ఫ్రంటాలిస్ పట్టు పూర్తిగా చేరదు. అందుకే ముందుగా వాలిపోయేది ఆ కొసే. వయసుతోపాటు కణతల దగ్గర కొవ్వు తగ్గుతుంది, కంటిచుట్టూ ఎముక కూడా కాస్త అరుగుతుంది. దాంతో ఆ వాలు మరింత ఎక్కువగా కనిపిస్తుంది.

అసలు మెలిక ఇప్పుడొస్తుంది. కొంతమందికి పైరెప్పను ఎత్తే కండరం వదులవుతుంది. మరికొందరికి రెప్ప మీది చర్మం సాగి, కంటికి పరదాలా వేలాడుతుంది. అప్పుడు సరిగా చూడాలంటే ఏం చేయాలి? తెలియకుండానే నుదురు పైకెత్తుతాం. లేచింది మొదలు పడుకునేదాకా ఫ్రంటాలిస్ ఆ బరువు మోస్తూనే ఉంటుంది. సాయంత్రమయ్యేసరికి నుదురంతా లాగేసినట్టు ఉండటం, తలనొప్పి, చదువుతుంటే గడ్డం పైకెత్తాల్సి రావడం... ఇవన్నీ దాని గుర్తులు కావచ్చు. అంటే ఆ అడ్డగీతలు వయసు వేసిన ముద్రలే కాదు, కళ్లు తెరిచి ఉంచడానికి నుదురు పడుతున్న పాటు కూడా! అలాంటి మనిషి నుదుటికి సూది వేసి కండరాన్ని నిద్రపుచ్చితే? గీతలు పోతాయి. వాటితోపాటే కనుబొమలూ కిందికి దిగిపోతాయి.

అద్దం ముందు అయిదు నిమిషాలు

మీ సమస్య ఏదో కొంతవరకూ ఇంట్లోనే తెలుసుకోవచ్చు. అద్దం ముందు కూర్చుని కళ్లు మూసుకోండి. నుదురు పూర్తిగా వదులు చేయండి. అరచేతిని నుదుటికి ఆనించి, అది పైకి కదలకుండా పట్టుకుని నెమ్మదిగా కళ్లు తెరవండి.

*కళ్లు మామూలుగా తెరుచుకుని, కనుబొమలు కంటిపై ఎముక అంచు దగ్గరే ఉంటే మీది ఎక్కువగా ముడతల సమస్యే.

*కనుబొమ ఆ అంచు దాటి కిందికి దిగితే వాలింది కనుబొమ.

*కనుబొమ ఉండాల్సిన చోటే ఉండి, రెప్ప అంచు నల్లగుడ్డును కప్పేస్తుంటే సమస్య రెప్పది.

పాతికేళ్ల వయసులో దిగిన ఫొటోతో కూడా పోల్చుకోండి. పెళ్లి ఫొటో వద్దు, బాసికం అడ్డొస్తుంది! కొందరికి కనుబొమలు పుట్టుకతోనే కిందికి ఉంటాయి. వాటిని ‘వాలిపోయాయి’ అనుకుని పైకి లాగించుకుంటే అద్దంలో మరొకరు కనిపిస్తారు. ఆడవాళ్ల కనుబొమ సాధారణంగా ఎముక అంచుకు కాస్త పైన విల్లులా ఉంటుంది. మగవాళ్లది అంచుమీదే తిన్నగా ఉంటుంది. మగవాళ్లకు విల్లులా వంచితే ముఖం తీరే మారిపోతుంది.

సూదితో సరి

అందరూ బొటాక్స్ అని పిలిచే బొట్యులినం టాక్సిన్ అందం కోసం పుట్టింది కాదు. ఓ బ్యాక్టీరియా తయారుచేసే విషమది. శాన్‌ఫ్రాన్సిస్కో కంటి డాక్టర్ అలన్ స్కాట్ మెల్లకన్ను సరిచేసే మందుగా దాన్ని మలిచారు. 1989లో అమెరికా ఎఫ్‌డీఏ మెల్లకన్నుకీ, రెప్పలు అదేపనిగా కొట్టుకునే జబ్బుకీ అనుమతి ఇచ్చింది. కెనడాలోని వాంకూవర్‌లో రెప్పల జబ్బుకు ఈ సూది వేస్తున్న జీన్ కరూథర్స్ దగ్గర, కనుబొమల మధ్య గీతలు కూడా పోతున్నాయన్న సంగతి బయటపడింది. ఆవిడ కంటి డాక్టర్, భర్త అలస్టెయిర్ చర్మవైద్యుడు. ఇద్దరూ కలిసి 1992లో ఆ ఫలితాలను ప్రచురించారు. కనుబొమల మధ్య గీతలకు 2002లో, నుదుటి అడ్డగీతలకు 2017లో ఎఫ్‌డీఏ అనుమతి లభించింది.

నరం నుంచి కండరానికి వెళ్లే సందేశాన్ని ఈ మందు ఆపుతుంది. మూడు నాలుగు రోజుల్లో పని మొదలవుతుంది, రెండు వారాలకు పూర్తి ఫలితం కనిపిస్తుంది. మూడు నాలుగు నెలలకు మళ్లీ మామూలే. నుదురు కదిపినప్పుడు మాత్రమే పడే గీతలకు ఇది బాగా పనిచేస్తుంది. కదపకపోయినా ఉండే లోతైన గీతలు తగ్గుతాయే తప్ప పూర్తిగా పోవు. నుదుటికి సూది వేసేటప్పుడు కనుబొమల మధ్య కూడా వేయాలని మందు తయారీదారులే చెబుతారు. ఎందుకంటే పైకి లాగే జట్టును మాత్రమే బలహీనపరిస్తే కిందికి లాగే జట్టు గెలిచేస్తుంది. కిందికి లాగే కండరాలకు కొలతగా వేస్తే కనుబొమ కొస కొద్దిగా పైకి లేస్తుంది కూడా. కత్తి లేకుండా కనుబొమ ఎత్తడమంటే ఇదే. అయితే అది కొన్ని మిల్లీమీటర్లే.

మందు పక్కకు పాకితే రెప్ప వాలిపోవచ్చు. కొన్ని వారాలు ఓపికపడితే తగ్గుతుంది. గర్భిణులూ పాలిచ్చే తల్లులూ ఈ సూది జోలికి పోకపోవడమే మంచిది. మయస్థీనియా లాంటి కండరాల జబ్బులున్నవాళ్లు ఆ సంగతి ముందే డాక్టర్‌కి చెప్పాలి. ‘సగం ధరకే’ అన్న ప్రకటనలతో జాగ్రత్త. అమెరికాలో 2024లో నకిలీ బొటాక్స్ వేయించుకుని కొందరు ఆసుపత్రి పాలయ్యారు. సీసా మీ ఎదురుగానే తెరవమని అడగండి. పేరూ బ్యాచ్ నంబరూ రాయించుకోండి. అది మీ హక్కు.

ఆ చోట ఫిల్లరా... ఆలోచించండి

లోతైన గీతల్ని, గుంటలుపడ్డ కణతల్ని జెల్ లాంటి ఫిల్లర్‌తో నింపుతారు. కానీ బొట్టు పెట్టుకునే చోటు మహా ప్రమాదకరమైనది. అక్కడి రక్తనాళాలకు కంటికి వెళ్లే నాళాలతో సంబంధం ఉంది. ఫిల్లర్ పొరపాటున రక్తనాళంలోకి పోతే చర్మం చచ్చుబడవచ్చు, చూపే పోవచ్చు. ఇది చాలా అరుదు. కానీ జరిగితే పోయిన చూపు తిరిగిరావడం కష్టం. సూది వేస్తుండగా కన్ను మసకబారినా, విపరీతంగా నొప్పి వచ్చినా అక్కడికక్కడే చెప్పాలి. హయలురోనిక్ యాసిడ్ ఫిల్లర్‌ను కరిగించే మందు క్లినిక్‌లో సిద్ధంగా ఉందో లేదో ముందే అడగాలి.

దారాలతో లాగి కట్టడం, అల్ట్రాసౌండ్ తరంగాలతో చర్మాన్ని బిగించడం లాంటివీ ఉన్నాయి. కాస్త వాలినవాళ్లకు కాస్త ఫలితం, అదీ కొన్నాళ్లే. లేజర్, కెమికల్ పీల్‌లతో చర్మం నునుపు తేలుతుంది కానీ, మన చామనఛాయ చర్మానికి నల్లమచ్చలు మిగిలే ప్రమాదం ఎక్కువ. అలవాటున్న చేతులే కావాలి.

కత్తి పట్టాల్సి వస్తే...

కనుబొమ బాగా వాలిపోతే సూదులతో లాభం లేదు. ఆపరేషనే దారి. అందులోనూ రకాలున్నాయి.

ఎండోస్కోపిక్: జుట్టులో మూడు నుంచి అయిదు చిన్న కోతలు పెడతారు. కెమెరా గొట్టం పంపి, నుదుటి చర్మాన్ని ఎముక నుంచి వదులు చేసి పైకి జరిపి బిగిస్తారు. 1990ల మొదట్లో వచ్చిందీ పద్ధతి. మచ్చలు చిన్నవి, కోలుకోవడం త్వరగా. నుదురు మరీ ఎత్తుగా ఉన్నవాళ్లకు అంతగా నప్పదు.

కరోనల్: పాత పద్ధతి. ఈ చెవి నుంచి ఆ చెవి దాకా తలమీదుగా కోత. ఫలితం గట్టిగానే ఉంటుంది. కానీ జుట్టు మొదలయ్యే గీత వెనక్కి జరుగుతుంది, మాడు చాలాకాలం మొద్దుబారినట్టు ఉంటుంది. బట్టతల వచ్చే సూచనలున్న మగవాళ్లకు వద్దు.

జుట్టు అంచున: నుదురు ఎత్తుగా ఉన్నవాళ్లకు జుట్టు మొదలయ్యేచోట కోసి, అదనపు చర్మం తీసేస్తారు. కనుబొమ లేస్తుంది, నుదురు కాస్త చిన్నదవుతుంది.

కణత దగ్గర: కనుబొమ కొస మాత్రమే వాలినవాళ్లకు, కణత పైన జుట్టులో చిన్న కోత చాలు.

కనుబొమ పైన: నేరుగా కనుబొమ మీదే కోసి ఎత్తేస్తారు. మచ్చ కనిపిస్తుంది. అందుకే లోతైన గీతలూ ఒత్తయిన కనుబొమలూ ఉన్న పెద్దవయసు మగవాళ్లకూ, ముఖ పక్షవాతంతో కనుబొమ జారినవాళ్లకూ ఎక్కువగా చేస్తారు.

తిరుమలలో తలనీలాలిచ్చే మొక్కు ఉంటే ఆ మాట సర్జన్‌కు ముందే చెప్పండి. జుట్టులో దాగిన మచ్చ గుండుతో బయటపడుతుంది. దెబ్బ తగిలినచోట చర్మం ఉబ్బి గట్టిపడే తత్వం ఉన్నా చెప్పాలి.

ఆపరేషన్ తర్వాత వారం, పది రోజులు వాపూ కమిలిన మచ్చలూ మామూలే. మాడు తిమ్మిరీ దురదా కొన్ని నెలలు ఉండొచ్చు. కోత దగ్గర జుట్టు పల్చబడటం, రెండు కనుబొమలూ సమంగా లేకపోవడం, నరం దెబ్బతిని నుదురు కదలకపోవడం... ఇవి ప్రమాదాల జాబితాలో ఉన్నాయి. మరీ ఎక్కువ లాగేస్తే జీవితాంతం ఆశ్చర్యపోయినట్టే కనిపిస్తారు! ఎంత బాగా చేసినా కాలం ఆగదు. ఏళ్లు గడిచేకొద్దీ నుదురు మళ్లీ కొంత జారుతుంది.

రెప్పదే తప్పయితే

రెప్ప మీద చర్మం వేలాడుతుంటే అదనపు చర్మాన్ని తీసేస్తారు. దీన్నే బ్లెఫరోప్లాస్టీ అంటారు. రెప్పనెత్తే కండరం వదులైతే దాన్ని బిగిస్తారు. రెప్ప బరువు తగ్గాక నుదురు తనంతట తానే తేలికపడుతుంది. అడ్డగీతలు కొంత తగ్గుతాయి. ఇక్కడా ఓ జాగ్రత్త ఉంది. వాలింది కనుబొమ అయినప్పుడు రెప్ప చర్మం కోసేస్తే, కనుబొమ ఇంకా కిందికి దిగుతుంది. ఎక్కువ కోస్తే కన్ను పూర్తిగా మూతపడక పొడిబారిపోతుంది. అందుకే కంటి డాక్టర్‌తో చూపు, కన్నీటి పరీక్షలు చేయించుకున్నాకే నిర్ణయం తీసుకోవాలి. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలాంటి చోట్ల ఓక్యులోప్లాస్టీ పేరుతో ఇందుకు ప్రత్యేక విభాగాలున్నాయి.

ఇది అందం సంగతి కాదు!

*ఉన్నట్టుండి ఒక రెప్ప వాలిపోయి, తీవ్రమైన తలనొప్పి వచ్చినా, వస్తువు రెండుగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మెదడు రక్తనాళంలో ఉబ్బు కారణం కావచ్చు.

*పొద్దున బాగుండి సాయంత్రానికి రెప్పలు వాలిపోతుంటే మయస్థీనియా పరీక్ష చేయించుకోవాలి.

*మూతి ఒకవైపు లాగేసినా, మాట తడబడినా, చెయ్యో కాలో చచ్చుబడినా పక్షవాతమేమో అనుకోవాలి. క్షణం ఆలస్యం చేయొద్దు.

ఎవరి దగ్గరికి వెళ్లాలి?

సూదులకైతే చర్మవైద్యులు, ప్లాస్టిక్ సర్జన్లు, ఓక్యులోప్లాస్టీ నిపుణులు. నుదుటి ఆపరేషన్‌కు ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ చేసినవారిని చూసుకోండి. బోర్డు మీద ‘కాస్మెటాలజిస్ట్’ అని ఉన్నంతమాత్రాన సర్జన్ అయిపోరు. మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు అడిగి సరిచూసుకోవచ్చు. అందం కోసం చేయించుకునే వాటికి ఆరోగ్యబీమా వర్తించదు. చూపుకు అడ్డొస్తోందని డాక్టర్ ధ్రువీకరిస్తే బీమా సంస్థను అడగొచ్చు.

మంచి డాక్టర్‌కి ఓ గుర్తుంది. మీరు కూర్చోగానే సూది తీయరు. ముందు కళ్లు మూయించి, నుదురు పట్టుకుని, మళ్లీ తెరవమంటారు. పాత ఫొటో చూపించమంటారు. అవసరమైతే ‘మీకేమీ అక్కర్లేదు, ఎండలోకి వెళ్లేముందు సన్‌స్క్రీన్ రాసుకోండి చాలు’ అని పంపేస్తారు కూడా.

కాబట్టి అద్దంలో ఆ గీతలు కనిపించగానే చిరాకుపడకండి. బహుశా ఏళ్ల తరబడి మీ రెప్పల బరువును నుదురే మోస్తోందేమో. దానికి విశ్రాంతి ఇవ్వాలంటే... ముందు ఆ బరువు దించాలి!

ముక్కుకు నుదుటి సాయం

ప్లాస్టిక్ సర్జరీకి నుదుటితో అనుబంధం ఇప్పటిది కాదు. మైసూరు యుద్ధంలో ఇంగ్లిషు సైన్యానికి ఎడ్లబండి తోలిన కవాస్‌జీ అనే వ్యక్తి టిప్పు సైనికులకు చిక్కి ముక్కు పోగొట్టుకున్నాడు. మన దేశపు వైద్యుడొకరు నుదుటి చర్మాన్ని కిందికి మడిచి అతనికి కొత్త ముక్కు అతికించాడు. ఆ కథ 1794లో లండన్‌లోని జెంటిల్మన్స్ మేగజీన్‌లో అచ్చయింది. దాన్ని చదివి స్ఫూర్తి పొందిన జోసెఫ్ కార్ప్యూ అనే సర్జన్ 1814లో ఇంగ్లండ్‌లో అదే పద్ధతిలో ఆపరేషన్ చేశాడు. నుదుటి చర్మంతో ముక్కు కట్టే ఈ విధానాన్ని ‘ఇండియన్ మెథడ్’ అనే పిలుస్తారు.