పికప్ వేరు, స్పీడు వేరు

ఇంట్లో కారు కొనే మాట వస్తే చాలు, "దీని పికప్ బాగుంది", "దాని స్పీడెక్కువ" అంటూ మగవాళ్ళు మొదలుపెడతారు. రెండూ ఒకటేనని మనం వూరుకుంటాం. కాదండీ! మెట్లు ఎంత చురుగ్గా ఎక్కుతామన్నది పికప్. ఎన్నో అంతస్తు దాకా ఎక్కగలమన్నది స్పీడు.

2021లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన రెండు పెట్రోలు కార్లు చూడండి. ఖరీదైన కంపెనీలవే గాని, వాటిలో కాస్త తక్కువ ధరవి. ఒకటి మెర్సిడెస్ బెంజ్ ఏ 200. రెండోది బి.ఎం.డబ్ల్యూ. 220ఐ. నిలబడ్డచోటి నుంచి గంటకు 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి, కంపెనీల లెక్క ప్రకారం, బెంజికి 8.3 సెకన్లు, రెండోదానికి 7.1 సెకన్లు. ఇంజను బలం 163, 190 హార్సుపవర్లు. గరిష్ఠ వేగం 230, 243 కిలోమీటర్లు.

తేడా ఎంత? 1.2 సెకన్లు! ముందున్న లారీని దాటేటప్పుడు అది అక్కరకొస్తుంది, నిజమే. కాని 100 వేగంలో కారు ఒక్క సెకనులో 28 మీటర్లు పోతుంది. ఎదురుగా పిల్లవాడు కనిపించి, బ్రేకు మీద కాలు పడేలోగానే అంత దూరం! పైగా వేగం రెట్టింపయితే, బ్రేకు వేశాక ఆగే దూరం దాదాపు నాలుగు రెట్లవుతుంది. ఏ కంపెనీ కారుకైనా ఇది తప్పదు.

అందుకని ఈసారి పికప్ మాట వస్తే వూరుకోకండి. "ఎంతలో అందుకుంటుందో సరే, ఎంతలో ఆగుతుంది? వెనకసీటులో పిల్లలకి బెల్టు పెట్టారా?" అని మీరే అడగండి.