వాడ ముందు ఆగిన రోడ్డు

హాస్టల్లో చేరిన మొదటి రోజు మనలో చాలామందికి ఒకేలా గడిచి ఉంటుంది. ట్రంకుపెట్టె నాన్న నెత్తిన, చాప అమ్మ చంకన. వాడ నుంచి బస్సు ఆగే చోటిదాకా బురదలో నడక. ఊళ్ళో సిమెంటు రోడ్డు ఉంది కానీ అది వాడ మొదట్లోనే ఆగిపోయింది. ఎందుకు ఆగిందని అప్పుడు మనం అడగలేదు. ఇప్పుడు నాలుగు అక్షరాలు నేర్చుకున్నాం కాబట్టి అడగాలి. అడగాలంటే ముందు సంగతి తెలియాలి.

2000 డిసెంబరు 25న ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మొదలైంది. రోడ్డు లేని ఆవాసాల్లో జనాభా మైదాన ప్రాంతంలో 500, కొండ, గిరిజన ప్రాంతాల్లో 250 ఉంటే అన్ని కాలాల్లో నడవగలిగే రోడ్డు వేయాలన్నది దాని లక్ష్యం. ఇందులో ఒక మెలిక ఉంది. మైదానంలో మంచి రోడ్డుకు 500 మీటర్ల లోపు ఉన్న ఆవాసాన్ని రోడ్డు ఉన్నట్టుగానే లెక్కిస్తారు. మన వాడలు చాలావరకు ఊరికి అంత దగ్గర్లోనే ఉంటాయి. కాగితం మీద రోడ్డు వచ్చినట్టే, కాళ్ళకు మాత్రం బురదే. మిగిలిన ఆ కొద్ది దూరం పంచాయతీ చూసుకోవలసినదే.

1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలను పదకొండవ షెడ్యూలులో చేర్చింది. రోడ్లు, కల్వర్టులు, తాగునీరు, గ్రామీణ విద్యుత్తు అన్నీ అందులో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2013లో వచ్చిన ఉపప్రణాళిక చట్టం ఎస్సీ, ఎస్టీలకు జనాభా నిష్పత్తిలో నిధులు కేటాయించాలని చెప్పింది. తెలంగాణలో 2017లో దాని స్థానంలో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం వచ్చింది. అంటే మనం అడిగేది ఎవరి దయా కాదు.

అయితే రోడ్డు వేస్తే చాలా? ఆషర్, నొవోసాద్ అనే ఆర్థికవేత్తలు ఈ సడక్ యోజన రోడ్లను పరిశీలించి 2020లో ఒక అధ్యయనం ప్రచురించారు. రోడ్డు వచ్చిన ఊళ్ళలో చాలామంది వ్యవసాయం వదిలి వేరే పనులకు వెళ్ళగలిగారు. కానీ పంటల్లో, ఆదాయాల్లో, ఆస్తుల్లో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. వారే మరొకరితో కలిసి చేసిన ఇంకో అధ్యయనంలో రోడ్డు వచ్చిన ఊళ్ళలో పిల్లలు ఎక్కువ కాలం బడిలో నిలిచారని తేలింది. రోడ్డు మనిషిని బయటికి తీసుకెళ్తుంది. బయటి సొమ్ము వాడలోకి రావాలంటే దానికి తోడు కరెంటు, నీళ్ళు, మురుగు కాలువ కూడా కావాలి. పిండిమర పెట్టాలంటే త్రీఫేజ్ లైను ఉండాలి. రెండు గేదెలు పెంచాలంటే నీళ్ళుండాలి, పాల బండి వాడలోకి రావాలి.

అందుకే పనులకు ఒక వరుస ఉండాలి. మా ఊళ్ళో కొత్త సిమెంటు రోడ్డును మూడు నెలలు తిరగకుండానే పైపులైను కోసం పగలగొట్టారు. ఆ గుంతలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. ముందు మంచినీటి పైపు వేయాలి. ఇళ్ళ కనెక్షన్ల కోసం రోడ్డుకు అడ్డంగా గొట్టాలు కూడా అప్పుడే పెట్టించాలి. తర్వాత దారికి అడ్డమయ్యే కరెంటు స్తంభాలు జరపాలి. ఆ తర్వాత వాలు చూసి మురుగు కాలువ కట్టాలి. అన్నిటికన్నా చివర రోడ్డు. రోడ్డు మట్టం మన గడప కంటే ఎత్తుగా ఉంటే వానకాలంలో నీళ్ళు ఇంట్లోకే వస్తాయి. కాబట్టి మట్టం ముందే అడిగి తెలుసుకోవాలి. కాంక్రీటు పోశాక కనీసం రెండు వారాలు తడపాలి, లేకపోతే గట్టిపడదు.

మరి మనమేం చేయగలం? గ్రామ పంచాయతీ ఏటా అభివృద్ధి ప్రణాళిక తయారు చేసి గ్రామసభలో పెట్టాలి. 2018 నుంచి ఈ ప్రచారాన్ని సాధారణంగా అక్టోబరు 2న మొదలుపెడుతున్నారు. దసరా సెలవులకు మనం ఇంటికెళ్ళేదీ దాదాపు అప్పుడే. వెళ్ళినప్పుడు వాడ పటం ఒకటి తెల్లకాగితం మీద గీద్దాం. ఎన్ని ఇళ్ళు, ఎన్ని అడుగుల రోడ్డు లేదు, నీళ్ళు ఎక్కడ నిలుస్తాయి, ఏ కరెంటు స్తంభం దారికి అడ్డం అన్నవి అందులో గుర్తిద్దాం. "మా వాడకు రోడ్డు వేయండి" అంటే విని వదిలేస్తారు. కొలతలతో రాసిచ్చి, తీర్మానం పుస్తకంలో ఎక్కించమంటే అంత తేలిగ్గా వదలలేరు.

పని మొదలయ్యాక సమాచార హక్కు చట్టం 2005 ఉంది. ఎస్టిమేటు నకలు అడగవచ్చు. పనిని స్వయంగా చూడవచ్చు, వాడిన సామగ్రి నమూనా కూడా తీసుకోవచ్చు. మన రెండు రాష్ట్రాల్లోనూ గ్రామస్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు. మండలంలో 5 రూపాయలు.

మన అమ్మానాన్నలు రోడ్డు అడగనిది అవసరం లేక కాదు. ఎవరిని, ఏ కాగితం మీద అడగాలో వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. హాస్టల్ అన్నం తిని చదువుకున్న మనం ఆ కాగితం రాయగలం. ఉద్యోగాల్లో ఉన్న సీనియర్ అన్నలు, అక్కలు సెలవు పెట్టుకుని ఒక్క గ్రామసభకైనా వస్తే తమ్ముళ్ళకు ధైర్యంగా ఉంటుంది. వచ్చే ఏడు హాస్టల్‌కు బయలుదేరే పిల్లవాడి ట్రంకుపెట్టె వాడలోనే ఆటో ఎక్కాలని మా కోరిక.