ఎంత బరువు? ఎన్ని మారులు?

 

నేటి ప్రసంగమునకు విషయము బరువులనెత్తు వ్యాయామమందలి మోతాదు. పండుగ దినములలో యువకులు సంగిడీలనెత్తి తమ బలమును జూపుట మన శ్రీకాకుళ, విజయనగర మండలములలో చిరకాలముగ నున్న వేడుక. రాయి లేచినచో భళీ యందుము, లేవనిచో నవ్వుదుము. ఆ నవ్వునకు వెరచి తనకు మించిన రాతిని పట్టి నడుము చెడగొట్టుకొనిన యువకుడు ఆ యేటి కోతలకు పనికిరాడు. అందువలన నష్టపడునది వాని కుటుంబము. కావున ఎంత బరువు, ఎన్ని మారులు అను ప్రశ్న తాలింఖానాలోని కుర్రవాండ్రది మాత్రమే కాదు. పందెమును నిర్ణయించు పెద్దలది కూడ.

ముందుగా మాటల యర్థమును తెలిసికొందము. బరువును ఒక పర్యాయమెత్తి దింపుట ఒక మారు. నడుమ విశ్రమింపక వరుసగ చేసిన మారులన్నియు కలిసి ఒక సెట్టు. ఔషధమునకు మాత్ర, వేళ, పథ్యము ఎట్లో వ్యాయామమునకు బరువు, మారులు, సెట్టులు అట్లు. బరువు హెచ్చినకొలది మారులు తగ్గవలయును. మూడింటిని ఒక్కసారిగ పెంచుట సాధన కాదు, సాహసము.

వీరఘట్టమున 1882లో జన్మించి, విజయనగరమున వ్యాయామోపాధ్యాయులుగ పనిచేసి, పిమ్మట సర్కసు నడిపి, 1942లో కీర్తిశేషులైన కోడి రామమూర్తినాయుడుగారిని ఎరుగనివారు మనలో లేరు. రొమ్ముపై ఏనుగును నిలుపుకొనిరని అందరును చెప్పుకొందురు. చెప్పుకొనునది ఫలము, దాని వెనుకనున్న యేండ్ల సాధన ఎవరి నోటను రాదు. గ్రీకుల కథలలో మైలో అను మల్లుడు ఒక దూడను ప్రతిదినము మోసెననియు, దూడ పెరిగినకొలది వాని బలమును పెరిగెననియు ఉన్నది. కథ యెట్టిదైనను అందలి న్యాయము సత్యము. బరువు కొంచెము కొంచెముగ పెరుగవలయును. అయితే దూడ మన మాట విని పెరుగుట మానదు. ఇనుపబిళ్లలను చేర్చుటయు తీయుటయు మన చేతిలో నున్నది.

ఈ న్యాయమును లెక్కకు దెచ్చినవారిలో ముఖ్యుడు డిలార్మ్ అను అమెరికా సైనికవైద్యుడు. రెండవ ప్రపంచయుద్ధమున గాయపడిన సైనికుల కాళ్లకు మరల బలము కల్పించుటకై ఆయన బరువులను వాడి, ఆ పద్ధతిని 1945లో ప్రకటించెను. మొదట ఏడు మొదలు పది సెట్టుల వరకు, సెట్టునకు పది మారులు చేయించెను. 1948 నాటికి ఆయనయు వాట్కిన్స్ అను వైద్యుడును అంత అక్కరలేదని తేల్చి, సెట్టులను మూడింటికి తగ్గించిరి. ఒకడు 20 కిలోలను పది మారులు మాత్రమే ఎత్తగలడనుకొనుడు. మొదటి సెట్టునకు 10 కిలోలు, రెండవదానికి 15, మూడవదానికి 20. మొదటి రెండును దేహమును సిద్ధపరచును. మూడవది బలమును పెంచును. ఎక్కువ చేసినవానికే ఎక్కువ ఫలమను మన భ్రమ ఇచ్చట తొలగవలయును.

క్రొత్తగ నారంభించువాడు తన పరమావధిని పరీక్షింపబోరాదు. నడుము వంగక, భంగిమ చెడక పది మారులెత్తి, ఇంకను రెండు మూడు మారులెత్తు శక్తి మిగులు బరువును గ్రహింపవలయును. ఎనిమిది మొదలు పండ్రెండు మారులు ఒక సెట్టు. ఒక్కొక్క వ్యాయామమునకు రెండు మూడు సెట్టులు. సెట్టుల నడుమ రెండు నిమిషముల విశ్రాంతి. వారమునకు రెండు మూడు దినములు, నడుమ నొక దినము విడుపు. ఇంతియే ప్రథమపాఠము. వరుసగ రెండు దినములు పండ్రెండు మారులను దాటి సులభముగ ఎత్తగలిగిననాడు 20 కిలోలను 21 చేయవలయును, 30 చేయరాదు. గుణింతము రాని బాలునకు కావ్యము చేతికిచ్చు ఉపాధ్యాయుని ఎవరు మెత్తురు?

అభ్యాసము కుదిరిన పిమ్మట కోరిన ఫలమును బట్టి మోతాదు మారును. ఒక్క మారు మాత్రమే 80 కిలోలెత్తగలవాడు సుమారు 68 కిలోలను అయిదారు మారులు, 60 కిలోలను పది మారులు ఎత్తగలడు. మనిషిని బట్టి ఈ లెక్క కొంత మారును. గొప్ప బరువు నెత్తు బలము కావలసినవానికి అయిదు మారులకు మించని పెద్ద బరువులును, దీర్ఘమైన విశ్రాంతియు తగినవి. మూటలు మోయువానికి కావలసిన ఓర్పు, తేలిక బరువును పదునైదిరువది మారులెత్తుటవలన కలుగును. కండ పెరుగుటకు తేలిక బరువైనను, అలసట వచ్చువరకు ఎత్తినచో చాలునని నేటి పరిశోధనలు తెలుపుచున్నవి.

మన వైద్యశాస్త్రమును ఈ విషయమున మౌనము వహింపలేదు. వ్యాయామమును శక్తిలో సగము మేరకే చేయవలెనని సుశ్రుతుడును వాగ్భటుడును చెప్పిరి. హృదయమందలి వాయువు నోటిని జేరుట, అనగా నోటితో ఊపిరి తీయవలసివచ్చుట, అర్ధశక్తికి గురుతని సుశ్రుతుని మతము. నేటి కిలోల లెక్కయు ఆ లెక్కయు ఒకటి కావు. కాని శక్తినంతటిని వ్యయపరుపక కొంత మిగుల్చుకొనుమనుటలో రెండింటి ఉద్దేశ మొక్కటియే.

మరి పోటీలలో సాహసము వలదా యందురు. ఆమదాలవలస చెంతనున్న ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరిగారు 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్సులో 110, 130, వెరసి 240 కిలోలెత్తి కాంస్యపతకమును గైకొనిరి. ఒలింపిక్సులో పతకము గెలిచిన మొదటి భారతస్త్రీ ఆమెయే. 130 పిమ్మట 137.5 కిలోలకు యత్నించిరి, అది నిలువలేదు. పోటీనాడు అట్టి యత్నము న్యాయమే, ఏలయన దాని వెనుక ఏండ్ల సాధన కలదు. నిత్యసాధనలో అట్లు దుముకరాదు. విజయనగర మండలమందలి కొండవెలగాడకు చెందిన మత్స సంతోషిగారును 2014లో గ్లాస్గో కామన్వెల్తు క్రీడలలో పతకము సంపాదించిరి. కావున బరువు మగవారికే యను మాట మన మండలమున చెల్లదు. ఆడపిల్లకైనను మగపిల్లవానికైనను తెలిసిన గురువు ఎదుట తేలిక బరువుతో భంగిమ నేర్పుటయే మొదటి పని.

వయస్సు మీరినకొలది కండ తరుగును గనుక మన వయస్సువారికిని ఇది యక్కరయే. వారమునకు రెండు దినములకు తక్కువ గాకుండ కండలకు వ్యాయామము కావలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో ఉపదేశించినది. చేయి ఊనక కుర్చీనుండి పది మారులు లేచి కూర్చుండుట యొక సెట్టు. అట్టివి రెండు చాలును. ఊపిరి బిగబట్టరాదు, లేచునప్పుడు విడిచి, కూర్చుండునప్పుడు పీల్చవలయును. గుండెజబ్బు, రక్తపుపోటు, ఆంత్రవృద్ధి కలవారు వైద్యుని అడిగియే ఆరంభింపవలయును.

రాబోవు పండుగకు సంగిడీలను వెలికిదీయునాడు పెద్దలు రాతి బరువును మాత్రమే చూడక, పట్టబోవువాని సాధనను అడుగుదురు గాక. నేడు చాలదని రాతిని విడిచినవానిని నవ్వనీయకుందురు గాక. అట్టివాడు వచ్చు ఏటికి దానినెత్తును. పొలము పనియు చెడదు.