యంత్రానికి అక్షరాభ్యాసం

నెల్లూరు తీరంలోని మైపాడు, జువ్వలదిన్నె వంటి గ్రామాల మత్స్యకారులకు సముద్ర సమాచారమే రక్ష. హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం ఉపగ్రహాల సాయంతో కడలి ఉపరితల ఉష్ణోగ్రతను, నీటిలోని పత్రహరితాన్ని పరిశీలించి, చేపలు లభించే తావులను ప్రాంతీయ భాషల్లో తెలియజేస్తుంది. అలల ఉద్ధృతిని గూర్చి హెచ్చరిస్తుంది. ఆ తెలుగు వాక్యం చేతి ఫోనులో సరిగా కనిపించకపోతే అంతటి శాస్త్రకృషీ ఒడ్డు చేరని నావ అవుతుంది.

అక్షరాలను తెరపై నిలిపే బాధ్యత ఆపరేటింగ్ సిస్టమ్‌ది. యంత్రభాగాలకూ మనం వాడే ప్రోగ్రాములకూ నడుమ ఉండి, రెండింటినీ నడిపించే వ్యవస్థ ఇది. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ ప్రభృతులు ప్రారంభించిన యూనిక్స్ వీటిలో ప్రసిద్ధమైనది. ఆండ్రాయిడ్ ఫోన్లకు ఆధారమైన లినక్స్ దాని పద్ధతులను అనుసరించింది. యాపిల్ వారి మ్యాక్ ఓఎస్ ఆ కుటుంబానికి చెందినదే.

కంప్యూటరుకు తెలిసినవి అంకెలే. 1991లో వెలువడిన యూనికోడ్ ప్రమాణం తెలుగు లిపికి సంకేత సంఖ్యలు కేటాయించింది. వాటిని భద్రపరచడానికి 1992లో థాంప్సన్, రాబ్ పైక్ యూటీఎఫ్-8 పద్ధతిని రూపొందించారు. ఇందులో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు కావాలి. మన కంటికి ‘జ్ఞా’ ఒకే అక్షరం. యంత్రానికి మాత్రం అది జకారం, పొల్లు, ఞకారం, దీర్ఘం అనే 4 సంకేతాల వరుస. అంటే 12 బైట్లు. ఆ వరుసను సంయుక్తాక్షరంగా తీర్చిదిద్దడం వ్యవస్థకు నేర్పవలసిన విద్య.

కొత్త కూర్పు వెలువడినప్పుడు వేగం, భద్రత, ప్రోగ్రాములు రాసేవారికి కల్పించిన సదుపాయాలు ముందుగా చర్చకు వస్తాయి. 2017 సెప్టెంబరులో వచ్చిన మ్యాక్ ఓఎస్ 10.13లో దస్త్రాలను భద్రపరిచే నూతన విధానం అటువంటి విశేషమే. అయితే 2018 ఫిబ్రవరిలో ఒక చిన్న తెలుగు అక్షరం ఆ వ్యవస్థను తికమకపెట్టింది. ‘జ్ఞ’కూ దీర్ఘానికీ మధ్య కంటికి కనిపించని విభజన సంకేతం చేరిన వరుసను చూపబోయిన ప్రోగ్రాములు ఉన్నట్టుండి ఆగిపోయాయి. ఐఫోన్లలోనూ ఇదే జరిగింది. ఫిబ్రవరి 19న వెలువడిన సవరణలు ఈ దోషాన్ని తొలగించాయి. దోషం లిపిలో లేదు. లిపిని చదివిన తీరులో ఉంది.

యంత్రానికి అక్షరాభ్యాసం ఒక్కనాటితో ముగిసేది కాదు. 2021లో వచ్చిన యూనికోడ్ 14లో నకారప్పొల్లుకు ప్రత్యేక సంకేతం లభించింది. ఇటువంటి ప్రతి చేర్పునూ వ్యవస్థలు, ఖతులు మళ్ళీ నేర్చుకోవాలి. లినక్స్ మూలరచన అందరికీ అందుబాటులో ఉంది. స్వేచ్ఛ సంస్థ కార్యకర్తల వంటివారు దానిని తెలుగువారికి చేరువ చేశారు. ఏ పదం, ఏ కూర్పులో, ఎలా తప్పుగా కనిపించిందో గమనించి నిర్మాతలకు స్పష్టంగా తెలిపే విద్యార్థి కూడా ఈ కృషిలో భాగస్వామి అవుతాడు. వత్తులు, గుణింతాలు బాగా ఎరిగినవారే యంత్రం చేసే తప్పును ముందుగా గుర్తించగలరు.